పళ్లకీ ట్యాంకుకీ పాచి ఒకటే: ఆర్‌ఓ-డీఐ ఫిల్టర్‌తో తొమ్మిది నెలలు

కొన్నది: నాలుగు దశల ఆర్‌ఓ-డీఐ ఫిల్టర్ (నీళ్లలో కరిగినవన్నీ తీసేసేది), 75 జీపీడీ (రోజుకి 75 గ్యాలన్ల) మెంబ్రేన్. ధర 6,200 రూపాయలు. తర్వాత విడిగా కొనాల్సి వచ్చిన బూస్టర్ పంపు 2,100. వాడుతున్నది మూడడుగుల ఉప్పునీటి అక్వేరియానికి. కంపెనీ పేరు రాయడం లేదు. ఇదే డబ్బా, ఇవే గొట్టాలు రకరకాల స్టిక్కర్లతో అమ్ముతున్నారు, నాకు వచ్చింది అందులో ఒకటి.

నేను పళ్ల డాక్టర్ని. విశాఖపట్నంలో, మద్దిలపాలెం వైపు, మొదటి అంతస్తులో చిన్న క్లినిక్. పొద్దున్న పదింటి నుంచి రాత్రి తొమ్మిదింటి దాకా వచ్చినవాళ్లందరికీ ఒకటే మాట చెబుతుంటాను: పాచి గీకించుకుని వెళ్లిపోతే సరిపోదండీ, అది ఎందుకు పడుతోందో చూసుకోవాలి అని. అలాంటిదాన్ని, వెయిటింగ్ హాల్లో ట్యాంకు పెట్టుకుని, అద్దానికి పట్టిన పాచిని వారాల తరబడి గీకుతూనే కూర్చున్నాను. ఎందుకు పడుతోందో మాత్రం చూడలేదు. కాబట్టి ఇది ఫిల్టర్ మీద రివ్యూనే అయినా, సగం నా తెలివితక్కువతనం మీద రివ్యూ కూడా.

ట్యాంకు పోయిన సంక్రాంతి వెళ్లాక పెట్టాను. మూడడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు. లెక్క ప్రకారం 190 లీటర్లు, రాళ్లూ ఇసుకా పోగా 150 పడతాయేమో. రాళ్లు సెరామిక్‌వి, ఇసుక అరగొనైట్ (సున్నపు రకం). పగడాలు లేవు. రాతి పగడాలు, సముద్ర గుర్రాలు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షిత జీవులు. పేషెంట్లు కూర్చునే చోట అలాంటి తలనొప్పి నాకెందుకు? రెండు క్లౌన్ చేపలు, ఒక డామ్సెల్, నాలుగు నత్తలు, అంతే. నీళ్లలో ముందు అమ్మోనియా, తర్వాత నైట్రైట్ పెరిగి తగ్గేదాకా ఐదు వారాలు ఆగాను. ఆ ఓపిక మాత్రం నాకుంది.

చేపలు వేసిన మొదటి వారంలోనే ఇసుక మీద కాఫీ పొడి చల్లినట్టు గోధుమ రంగు దుమ్ము కనబడింది. పొద్దున్న మా అసిస్టెంట్ అమ్మాయి మాగ్నెట్ బ్రష్‌తో అద్దం తుడిస్తే, సాయంత్రం ఆరింటికల్లా మళ్లీ మసక. చేపలు అమ్మిన షాపతనికి ఫోన్ చేస్తే, "కొత్త ట్యాంకు కదా మేడమ్, అందరికీ వస్తాది, అదే పోతాది" అన్నాడు. అతను అబద్ధం చెప్పలేదు. ఆ దుమ్ము డయాటమ్‌లు, అంటే ఒంటికణం నాచు. ఒక్కో కణం తన చుట్టూ గాజు డబ్బీ లాంటి పెంకు కట్టుకుంటుంది, అందుకు నీటిలో కరిగిన సిలికా కావాలి. కొత్త ట్యాంకులో సిలికా ఉంటుంది, అది అయిపోతే వాటి పనీ అయిపోతుంది. నా ట్యాంకులో అది ఎందుకు అయిపోవడం లేదని అతను అడగలేదు, నేనూ అడగలేదు.

మార్చి మధ్యకి వచ్చేసరికి గోధుమ రంగు మీద పచ్చ రంగు మొదలైంది. రాళ్ల మీద వెంట్రుకల్లా నాచు, పంపు తోసే నీళ్లకి, గాలిలో జుట్టు ఊగినట్టు ఊగేది. "రాళ్లకి జడలు వేయొచ్చు డాక్టర్ గారూ" అని ఒక పేషెంటు జోకు. నవ్వాను కానీ నాకు నవ్వు రాలేదు. నాచుకి తిండి అయిన ఫాస్ఫేట్ ఎంతుందో టెస్ట్ చేస్తే 0.02 పీపీఎం చూపించింది. నీళ్లు శుభ్రంగానే ఉన్నాయి కదా అనుకున్నాను. నీళ్లలోకి వచ్చిన ఫాస్ఫేట్‌ని వచ్చినట్టే నాచు తినేస్తుంటే టెస్ట్‌లో ఇంకేం కనబడుతుంది? తిండి గిన్నె ఖాళీగా ఉందని, ఇంట్లో ఎవరూ తినలేదనుకున్నట్టు ఉంది నా లెక్క.

నా వైపు తప్పులు చాలానే ఉన్నాయి, అవీ రాయాలి. పేషెంట్లకి అందంగా కనబడాలని తెల్ల ఎల్‌ఈడీ లైటు రోజుకి పదకొండు గంటలు వెలిగించేదాన్ని. మేత నేను పొద్దున్న వేసేదాన్ని, అసిస్టెంట్ మధ్యాహ్నం వేసేది, రాత్రి తాళం వేసే వాచ్‌మన్ "పాపం ఆకలేస్తాది" అని ఇంకో చిటికెడు. ముగ్గురం వేస్తున్నామని ముగ్గురికీ తెలియదు. ఒకసారి ట్యాంకు అడుగున మారీ బిస్కట్ ముక్క దొరికింది, అది ఏ పిల్లాడి దయో తెలియదు.

ఇంక నెలకి 1,500 రూపాయల సర్వీసు సంగతి. ఇది వేరే షాపు, పేరు వద్దు. వాళ్ల మనిషి నెలకోసారి వచ్చి, మా బాత్రూం కుళాయి నుంచే నీళ్లు పట్టి, క్లోరిన్ పోవడానికి ఒక మందు వేసి, ఉప్పు కలిపి మార్చేవాడు. మార్చి నెలాఖరులో నాచు చూసి, "దీనికి మందుంది మేడమ్" అని నీలం రంగు సీసా తీసి రెండు మూతలు పోశాడు. మర్నాటికి నాచు తెల్లబడింది. నాకు భలే సంతోషమేసింది. ఆ మర్నాడు చేపలు పైకొచ్చి నోళ్లు తెరుచుకుని ఆయాసపడుతున్నాయి. అంత నాచు ఒక్కసారి చచ్చి కుళ్లితే నీళ్లలో ఆక్సిజన్ దానికే సరిపోతుంది. గాలి పంపు పెట్టి చేపల్ని దక్కించుకున్నాను. నాలుగు నత్తలూ వెల్లకిలా పడి ఉన్నాయి. నా లూప్స్ పెట్టుకుని, అదే పళ్లలో సందులు చూసే భూతద్దాలతో, ఆ సీసా లేబుల్ చదివాను. కాపర్ సల్ఫేట్. మంచినీటి ట్యాంకుల మందు అది. వెన్నెముక లేని జీవులకి రాగి విషం, నత్తలకి మరీనూ. రెండు వారాల్లో నాచు మళ్లీ మొలిచింది, చచ్చిన పాత నాచే దానికి ఎరువైంది.

ఆ సర్వీసు మానేశాను. సర్వీసు మీద రివ్యూ కావాలంటే ఈ ఒక్క పేరా చాలు.

అసలు సంగతి బుర్రకెక్కింది ఆటోక్లేవ్ దగ్గర. పరికరాలు స్టెరిలైజ్ చేసే ఆ మెషిన్లో మేము డిస్టిల్డ్ వాటరే పోస్తాం. కుళాయి నీళ్లు పోస్తే నీరంతా ఆవిరైపోయి, లోపల తెల్లగా గార కట్టి మెషిన్ పాడవుతుంది. కొత్తగా చేరిన అమ్మాయికి అదే వివరిస్తున్నాను: "ఆవిరయ్యేది నీళ్లేనమ్మా, అందులో ఉన్నవన్నీ లోపలే ఉండిపోతాయి" అని. ఆ మాట నోట్లోంచి వస్తుండగానే హాల్లో ట్యాంకు వైపు చూశాను. వేసవి మొదలైంది కదా, నీళ్లు వేడెక్కకుండా ట్యాంకు మీద ఫ్యాను పెట్టాం. రోజుకి రెండున్నర లీటర్లు ఆవిరైపోతున్నాయి. ఆ లోటుని పేషెంట్లు తాగే ఆర్‌ఓ ఫిల్టర్ నీళ్లతో పూడుస్తున్నాం. నా దృష్టిలో అవి పరిశుభ్రమైన నీళ్లు. తాగడానికి అంతే, నిజమే.

టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాలు లీటరుకి ఎన్ని మిల్లీగ్రాములో) చెప్పే మీటర్ తెప్పించి ముంచాను. కుళాయిలో 540. మా బిల్డింగులో కార్పొరేషన్ నీళ్లూ బోరు నీళ్లూ ఒకే సంపులో కలుస్తాయి. తాగే ఆర్‌ఓలో 90. ఆర్‌ఓ అయ్యుండి 90 ఏమిటని బిగించినవాణ్ణి అడిగితే గర్వంగా చెప్పాడు: "మినరల్స్ ఉండాలి కదండీ, టీడీఎస్ కంట్రోలర్ తిప్పి పెట్టాను." అంటే మెంబ్రేన్ దాటని నీళ్లు కొన్ని పక్కదారిలో వచ్చి మళ్లీ మంచి నీళ్లలో కలుస్తాయి. మన ఇళ్లలో గోడకి వేలాడే ఆర్‌ఓల్లో చాలావాటికి ఈ పక్కదారి ఉంటుంది. రుచికి మంచిదే. కానీ లీటరుకి 90 మిల్లీగ్రాముల చొప్పున, నెలకి 75 లీటర్లంటే దాదాపు ఏడు గ్రాములు ట్యాంకులో వదిలి నీళ్లు గాల్లోకి వెళ్లిపోతున్నాయి. అందులో కాల్షియంతో, సోడియంతో పేచీ లేదు, సముద్రంలోనూ అవే ఉన్నాయి. పేచీ వాటి వెంట వచ్చే సిలికేట్, నైట్రేట్, ఫాస్ఫేట్‌తో. ఇది పైన పోసే నీటి లెక్కే. నెలకోసారి ఆ సర్వీసు మనిషి మార్చినవి నేరుగా 540 నీళ్లు.

డిస్టిల్డ్ వాటరే కొనేస్తే పోలేదా అని లెక్కేశాను. ఆవిరికి 75 లీటర్లు, పదిహేను రోజులకోసారి మార్చే నీళ్లు 20 చొప్పున 40, మొత్తం నెలకి 115 లీటర్లు. మాకు ఐదు లీటర్ల క్యాను వంద రూపాయలు. నెలకి 2,300. నాలుగు నెలలకే ఫిల్టర్ డబ్బులు దాటిపోతాయి. ఏప్రిల్ మొదటి వారంలో ఆర్డరు పెట్టేశాను.

ఇప్పుడు అసలు రివ్యూ.

డబ్బాలో వచ్చినవి: 5 మైక్రాన్ల సెడిమెంట్ ఫిల్టర్, కార్బన్ బ్లాక్, మెంబ్రేన్ ఉన్న గొట్టం, రంగు మారే డీఐ రెసిన్ నింపిన పారదర్శకమైన డబ్బా. ముందు మట్టి ఆగుతుంది, తర్వాత క్లోరిన్ (అది తగిలితే మెంబ్రేన్ పాడవుతుంది), ఆ తర్వాత మెంబ్రేన్ చాలావరకు లవణాల్ని వెనక్కి నెడుతుంది, మిగిలిపోయిన కొంచాన్ని రెసిన్ పట్టేస్తుంది. కాగితం మీద ఇంతే. బిగించే కాగితం మాత్రం ఎవరో నిద్రలో రాసినట్టుంది, గొట్టాల రంగులు బొమ్మలో ఒకటి, డబ్బాలో ఒకటి.

మొదటి రోజు నీళ్లు చుక్కలు చుక్కలుగా వచ్చాయి. మెంబ్రేన్ తర్వాత టీడీఎస్ 38. మోసపోయాననుకున్నాను. మోసం కాదు, ఒత్తిడి లేదు. మా ఓవర్‌హెడ్ ట్యాంకు నా కుళాయికి తొమ్మిది మీటర్ల ఎత్తులో ఉంది. పది మీటర్ల నీటికి 14 పీఎస్‌ఐ ఒత్తిడి, అంటే నాకు వచ్చేది 13 లోపే. ఈ మెంబ్రేన్లకి 50, 60 ఉండాలి. ఒత్తిడి తక్కువైతే నీళ్లు తగ్గడమే కాదు, వచ్చిన నీళ్ల నాణ్యత కూడా తగ్గుతుంది. అపార్ట్‌మెంట్ నీళ్లకి బూస్టర్ పంపు లేకుండా ఈ ఫిల్టర్ అమ్మడం నా దృష్టిలో స్కూటర్ అమ్మి టైర్లు విడిగా కొనుక్కోమనడమే. అమ్మేవాళ్లు ఆ ఒక్క ముక్క పేజీలో రాయలేదు. పంపు వచ్చాక మెంబ్రేన్ తర్వాత 14, రెసిన్ తర్వాత సున్నా. గంటకి తొమ్మిది లీటర్లు. 75 జీపీడీ అంటే రోజుకి 284 లీటర్లు, గంటకి పన్నెండు రావాలి. రావడం లేదు, నాకు చాలు.

రెసిన్ డబ్బా మూత దగ్గర కారింది. ప్లంబర్ వచ్చి ప్రతి జాయింటుకీ టెఫ్లాన్ టేపు చుట్టబోయాడు. నొక్కితే బిగుసుకునే ఆ కనెక్టర్లకి టేపు చుడితే ఇంకా కారుతుంది. కారుతున్నది మెలి తిరిగిన రబ్బరు రింగు వల్ల. దాన్ని తీసి సరిగ్గా కూర్చోబెట్టి, కొంచెం సిలికాన్ గ్రీజు రాస్తే ఆగిపోయింది. పది నిమిషాల పని, దానికి రెండు రోజులు బకెట్ పెట్టుకున్నాం.

వాడుతూ నేర్చుకున్న ఒక సంగతి ఉంది, ఇది కాగితంలో లేదు. పంపు వేసిన మొదటి రెండు నిమిషాలు మెంబ్రేన్ నీళ్ల టీడీఎస్ ఎక్కువగా ఉంటుంది, నా మీటర్లో 60 దాకా పోయింది. ఆగి ఉన్నప్పుడు లవణాలు మెల్లగా ఇటు చేరిపోతాయి. ఆ నీళ్లు రెసిన్‌లోకి పోనిస్తే రెసిన్ తొందరగా అయిపోతుంది. నా ఫిల్టర్‌కి పక్కకి మళ్లించే వాల్వు లేదు. 150 రూపాయలకి ఒక టీ-జాయింటు, ఒక వాల్వు కొని పెట్టుకున్నాను. రోజూ ఐదేసి లీటర్లు పట్టడం కూడా మానేసి, వారానికోసారి ఒకే విడత డ్రమ్ము నింపుకుంటున్నాను.

మొదటి రెండు ఆదివారాలూ తొమ్మిదేసి గంటలు ఫిల్టర్ నడిపి, 80 లీటర్ల చొప్పున నీళ్లు పట్టి, లీటరుకి 38 గ్రాముల లెక్కన మూడు కిలోల ఉప్పు కలిపి, ట్యాంకు నీళ్లు సగం సగం మార్చాను. రాగి పోవాలి కదా. కార్బన్ సంచీ కూడా వేశాను.

ఇక నాచు. చాలామంది ఈ ఫిల్టర్ కొంటే నాచు పోతుందనుకుంటారు, అమ్మేవాళ్లూ అలాగే చెబుతారు. గోధుమ దుమ్ము మూడు వారాల్లో పోయింది, నిజం. కొత్త సిలికా రాకపోయేసరికి ఇసుక మళ్లీ తెల్లగా కనబడింది. పచ్చ జడలు మాత్రం కదల్లేదు. అవి తినేది రాళ్లలో, ఇసుకలో అప్పటికే చేరిన సరుకు. నా పేషెంట్లలో స్వీట్లు మానేసి స్కేలింగ్ చేయించుకోనివాళ్లు ఉంటారు. కొత్త గార పట్టడం తగ్గుతుందేమో, ఉన్నది మాత్రం ఊడదు. అదే ఇక్కడా.

దాంతో పనిముట్లు తీశాను. గట్టి కుచ్చు ఉన్న టూత్‌బ్రష్ (ఇలాంటివి పళ్లకి వాడొద్దని పేషెంట్లకి చెబుతాను, మెడికల్ రిప్రజెంటేటివ్‌లు ఇచ్చినవి అరనిండా పడి ఉన్నాయి), పాతబడిన స్కేలర్ ఒకటి. సన్న గొట్టాన్ని బ్రష్‌కి రబ్బరు బ్యాండుతో కట్టి, గీకుతున్నప్పుడే ఊడిన నాచుని గొట్టంలోకి లాగేసే ఏర్పాటు. మా కుర్చీ దగ్గర సక్షన్ పైపు చేసే పనే. లాగకుండా గీకితే ఒక్కో ముక్కా ఇంకో రాయి మీద పడి మళ్లీ మొలుస్తుంది. వారానికి రెండుసార్లు, అరగంట. లైటు పదకొండు గంటల నుంచి ఏడుకి తగ్గించాను, పొద్దున్న రెండు, సాయంత్రం ఐదు. మేత డబ్బా నా సొరుగులో పెట్టి తాళం వేశాను. వాచ్‌మన్‌కి కోపమొచ్చింది.

జూన్‌లో నత్త ఒక్కటే కొన్నాను, 120 రూపాయలు. రాగి ఇంకా మిగిలుందేమోనని భయం. నీళ్లు చుక్క చుక్కగా కలిపి గంటన్నర అలవాటు చేసి వదిలితే, మూడు రోజులు అద్దం మీదే తిరిగింది. పది రోజులు చూసి ఇంకో ఆరు తెచ్చాను. నా టర్బో నత్తలు పొట్టి నాచునే తిన్నాయి, అంగుళం దాటిన జడల జోలికి పోలేదు. ముందు మనం గొరగాలి, తర్వాత అవి నున్నగా చేస్తాయి. జూలై చివరికి రాళ్లు రాళ్లలా కనబడ్డాయి.

అక్కడితో ఆగి ఉంటే ఈ రివ్యూ ఇంకా పొట్టిగా ఉండేది. నాకు ఆశ ఎక్కువైంది. ఫాస్ఫేట్‌ని పట్టేసే ఇనుప ఆక్సైడ్ గుళికలు, జీఎఫ్‌ఓ అంటారు, అవి ఒక సంచీ నిండా వేశాను. నీళ్లు సున్నా, ఫాస్ఫేట్ సున్నా, నైట్రేట్ సున్నా. మీటర్లు చూసుకుని మురిసిపోయాను. ఆగస్టులో ఇసుక మీద మళ్లీ గోధుమ రంగు. ఈసారి దుమ్ములా కాదు, చీమిడిలా తీగలు సాగి, తీగల చివర గాలి బుడగలు. రాత్రి లైటు ఆపితే పోయేది, మర్నాడు మధ్యాహ్నానికి మళ్లీ ప్రత్యక్షం. రెండు నత్తలు అద్దం మీంచి ఊడి కింద పడ్డాయి.

కొంచెం సీసాలో పట్టుకెళ్లి, మెడికల్ కాలేజీలో మైక్రోబయాలజీ చూసే క్లాస్‌మేట్‌కిచ్చాను. స్లయిడ్ మీద పెట్టి, "ఇదేంటే, గానుగెద్దుల్లా తిరుగుతున్నాయి?" అంది. నిజంగా అంతే, బాదంగింజ ఆకారంలో కణాలు, ఒకచోట తాడేసి కట్టినట్టు అక్కడక్కడే గుండ్రంగా తిరుగుతున్నాయి. డైనోఫ్లాజెల్లేట్లు అనే ఒంటికణం జీవులు, వాటిలో ఆస్ట్రియాప్సిస్ రకం. డయాటమ్‌లైతే అలా తిరగవు, మహా అయితే మెల్లగా జారతాయి. పోషకాలు మరీ సున్నా అయిపోయి, పోటీకి వేరే నాచూ బ్యాక్టీరియా లేకపోతే వీటికి పండగ. విషం కూడా ఉంటుంది, నత్తలు పడిపోయింది అందుకే. అంటే ఏప్రిల్ దాకా ఎక్కువ తినిపించి ఒక పాచి తెచ్చుకున్నాను, ఆగస్టులో పస్తు పెట్టి ఇంకోటి. జీఎఫ్‌ఓ తీసేసి, మూడు వారాలు నీళ్లు మార్చడం ఆపేసి, మేత రెండు పూటలు చేసి, ఒక యూవీ దీపం అరువు తెచ్చి రాత్రుళ్లు నడిపాను, ఎందుకంటే ఈ రకం రాత్రిపూట ఇసుక వదిలి నీళ్లలోకి వస్తుంది. ఐదు వారాలు పట్టింది. వాచ్‌మన్‌కి మేత డబ్బా తిరిగి ఇచ్చాను. ఇప్పుడు ఫాస్ఫేట్ 0.05, నైట్రేట్ 5 దగ్గర ఉంచుతున్నాను, సున్నా చూస్తే భయమేస్తుంది. ఇందులో ఫిల్టర్ తప్పేం లేదు. నీళ్లలోకి ఏది రాకూడదో అదే ఆపుతుంది, ట్యాంకులో ఎంత ఉండాలో దానికి తెలియదు.

అక్టోబరులో రెసిన్ అయిపోయింది. అప్పటికి 850 లీటర్లు పట్టాను. మామూలుగా రెసిన్ కింద నుంచి పైకి నీలం నుంచి గోధుమకి మారుతూ వస్తుంది, అది చూస్తూనే ఉన్నాను. ఇంకా రెండు అంగుళాల నీలం ఉంది, మీటర్లో సున్నా ఉంది. కానీ అద్దం మీద పాత గోధుమ దుమ్ము మసకగా కనబడింది. అసిస్టెంట్ అమ్మాయి, "మేడమ్, మళ్లీ మొదలైంది" అంటే, మీటర్ సున్నా చూపిస్తోంది కదా అని కొట్టిపారేశాను. వారం తర్వాత మీటర్ 2 చూపించింది. తర్వాత తెలిసింది, రెసిన్ అయిపోయేటప్పుడు మొదట వదిలేసేది సిలికానేనట, పైగా అది కరెంటుని సరిగ్గా మోయదు కాబట్టి టీడీఎస్ మీటర్‌కి కనబడదు. మీటర్ కంటే ముందు అద్దం చెప్పింది. ఇప్పుడు అంతకన్నా ఎక్కువ నీలం ఉండగానే మార్చేస్తున్నాను. ఒకసారి నింపడానికి నాకు 900 అవుతోంది.

నీళ్ల వృథా గురించి అందరూ అడుగుతారు. ఒక లీటరు మంచి నీళ్లకి మూడు లీటర్లు బయటికి పోతాయి. నెలకి 350 లీటర్లు. ఆ నీళ్ల టీడీఎస్ 700 దాకా ఉంటుంది. కాలవలోకి వదలడానికి మనసొప్పలేదు. బాత్రూంలో పెద్ద డ్రమ్ము పెట్టి, క్లినిక్ తుడవడానికి, ఫ్లష్‌కి వాడుతున్నాం. డ్రమ్ము నిండితే చూసేవాళ్లు ఉండాలి. ఒక శనివారం ఎవరూ చూడలేదు, కింద అంతస్తులో మెడికల్ షాపు ఆయనతో మాట పడ్డాను.

ఇంత సముద్రం పక్కన పెట్టుకుని ఈ గొడవేమిటని మీకూ అనిపిస్తుంది. పెదజాలారిపేట నుంచి కట్టుడు పళ్లకి వచ్చే ఒక పెద్దావిడకీ అదే అనిపించింది. "ఏటి డాక్టరమ్మా, ఇంత సంద్రం ఉంటే ఉప్పు కొంటన్నావేటి?" అని, వద్దన్నా వినకుండా కొడుకు చేత పడవ మీద లోపలి నుంచి ఆరు క్యాన్ల నీళ్లు తెప్పించింది. ఉప్పదనం కొలిచే రిఫ్రాక్టోమీటర్లో పెడితే 28 చూపించింది, నాకు కావాల్సింది 35. అక్టోబరు, నవంబరుల్లో ఉత్తరం నుంచి గంగ, మహానది నీళ్లు కలిసిన పలుచటి నీరు మన తీరం వెంబడి దక్షిణానికి దిగుతుంది. పైగా కంటికి కనబడని ప్లాంక్టన్ క్యాన్లోనే చచ్చి ఫాస్ఫేట్ అవుతుంది. అంత ప్రేమగా తెచ్చిన నీళ్లు పారబోయలేక, పంపులు నానబెట్టి కడగడానికి వాడాను. ఆవిడకి మాత్రం ట్యాంకులోనే పోశానని చెప్పాను. పళ్లు సెట్టయిన రోజు ట్యాంకు ముందు నిలబడి, "సూడు, మా నీళ్లు ఎలగున్నాయో" అని కొడుక్కి చూపించింది.

నా మార్కులు ఐదుకి నాలుగు. ఒకటి కోసింది పంపు సంగతి దాచినందుకూ, పక్క వాల్వు పెట్టనందుకూ. ట్యాంకు రెండడుగుల లోపుదైతే ఇది కొనకండి, నెలకి ముప్పై లీటర్ల డిస్టిల్డ్ వాటర్ చవక. అంతకన్నా పెద్దదైతే, లైటు కన్నా, చేపల కన్నా ముందు దీన్ని కొనండి. నేను వరస తిప్పేసి కొన్నాను. మిగిలిన నీళ్లు ఆటోక్లేవ్‌లో పోస్తున్నాం, దాని మాన్యువల్లో మినరల్స్ తీసేసిన నీరు వాడొచ్చని ఉంది. ఆ ఖర్చు కూడా తగ్గింది.

పోయిన నెల వెనక అద్దం మూలలో, పంపు మూత మీద గులాబీ రంగు చుక్కలు కనబడ్డాయి. కోరలైన్ నాచు. ఏదో నత్త గుల్ల మీద వచ్చి ఉంటుంది. ఇది రాయిలా గట్టిగా కట్టే మంచి నాచు. ట్యాంకు కుదురుకుందనడానికి గుర్తుగా దీని కోసం ఎదురుచూసేవాళ్లున్నారు. మూడు వారాలు రోజూ పొద్దున్న వచ్చి కొలిచాను, బఠాణీ గింజంత అయింది. సోమవారం క్లినిక్‌కి వచ్చేసరికి అద్దం తళతళలాడుతోంది, పంపు మూత పాల తెలుపు. అసిస్టెంట్ అమ్మాయి చేతిలో నా పాత స్కేలర్ ఉంది. "అస్సలు ఊడలేదు మేడమ్, గార లాగా పట్టేసింది. అరగంట పట్టింది" అంది, మెచ్చుకుంటానని చూస్తూ. బాగా చేశావమ్మా అన్నాను. నత్త గుల్ల మీద ఇంకొంచెం మిగిలి ఉంది. ఆ నత్త ఏ మూలకి పోతే ఆ మూల అద్దం తుడవొద్దని కాగితం రాసి అంటించాను.